బ్యాటరీ సెల్లో మారాల్సింది లోపలి సరుకా, కట్టే తీరా?

రాయగడ_రిపేరు:
ఈ మధ్య ఎక్కడ చూసినా ఒకటే గోల. సోడియం బ్యాటరీ వచ్చేస్తోంది, లోపల ద్రవం బదులు గట్టి పదార్థం ఉండే సాలిడ్ స్టేట్ వచ్చేస్తోంది, లిథియం పని అయిపోయింది అని. షాపుకి వచ్చేవాళ్లు కూడా "సోడియం బండి వచ్చేదాకా ఆగమంటారా?" అని అడుగుతున్నారు. నా మాట సూటిగా చెప్తాను. లిథియం ఐరన్ ఫాస్ఫేట్, అదే ఎల్‌ఎఫ్‌పీ వచ్చాక మన ఈ-రిక్షాలకి కావాల్సిన సరుకు వచ్చేసినట్టే. ఇక బాగుపడాల్సింది కట్టే తీరు. నా బల్ల మీదికి వచ్చే ప్యాకుల్లో తనంతట తాను చచ్చిన సెల్ తక్కువ, చంపేసిన సెల్ ఎక్కువ.

మొన్న ఒకటి విప్పాను. సెల్స్ మంచివే. వాటిని కలిపిన నికెల్ పట్టీని ఆకురాయితో గీకి ఉప్పునీళ్లలో పడేస్తే తెల్లారేసరికి ఎర్రగా తుప్పు. అది నికెల్ కాదు, నికెల్ పూత వేసిన ఇనప రేకు. దానికి రెసిస్టెన్స్ ఎక్కువ కాబట్టి బండి ఎత్తు ఎక్కినప్పుడల్లా అక్కడే వేడి పుడుతుంది. వెల్డింగ్ పక్కనున్న సెల్ తొడుగు గోధుమరంగుకి తిరిగిపోయింది. ఇందులో కెమిస్ట్రీ తప్పేముంది? కాదనేవాళ్లు చెప్పండి.

జయపురం_కెమిస్ట్రీ:
నేను కాదంటాను. మీరు మెచ్చుకుంటున్న ఎల్‌ఎఫ్‌పీ కథే మీకు అడ్డం తిరుగుతుంది. 1997లో టెక్సాస్ యూనివర్సిటీలో జాన్ గుడ్‌ఇనఫ్ అనే శాస్త్రవేత్త బృందం దీన్ని బయటపెట్టింది. ఆ పేపర్లో మొదటి పేరు అక్షయ పాఢీ. (అది ఒడియా ఇంటిపేరని మన జిల్లాల వాళ్లకి వేరే చెప్పాలా!) మొదట్లో అది కరెంటును సరిగా పోనిచ్చేది కాదు. రేణువుల్ని బాగా సన్నం చేసి, పైన కార్బన్ పూత వేశాకే బండికి పనికొచ్చింది. అసలు మార్పు పొడి దగ్గర జరిగింది, మీ వెల్డింగ్ దగ్గర కాదు.

రాయగడ_రిపేరు:
మాస్టారూ, సన్నం చేయడం, పూత వేయడం తయారీ కిందికి రావా? పదార్థం అదే కదా!

పోనీ మీ లెక్కలోనే చూద్దాం. 2020లో చైనా కంపెనీ బీవైడీ బ్లేడ్ బ్యాటరీ తెచ్చింది. లోపల అదే పాత ఎల్‌ఎఫ్‌పీ. సెల్‌ని పొడుగ్గా, పల్చగా చేసి, మధ్యలో మాడ్యూళ్లు, అంటే కొన్నేసి సెల్స్‌ని కట్టే చిన్న డబ్బాలు, తీసేసి నేరుగా ప్యాకులో పేర్చారు. అంతే స్థలంలో ఎక్కువ సెల్స్ పట్టాయి. అదే ఏడాది టెస్లా చూపించిన 4680 సెల్ కూడా ఇలాంటిదే. 46 మిల్లీమీటర్ల వ్యాసం, 80 ఎత్తు. కరెంటు ఒకట్రెండు ట్యాబుల (కరెంటు బయటికి తీసే చిన్న పట్టీల) గుండా కాకుండా లోపలి రేకు అంచు మొత్తం నుంచి బయటికి వచ్చేలా చేశారు. దారి తగ్గింది, వేడి తగ్గింది.

జయపురం_కెమిస్ట్రీ:
కట్టే తీరుతో వచ్చే లాభానికి ఒక హద్దు ఉంటుంది. డబ్బాలో ఎంత ఒద్దికగా పేర్చినా సెల్లో నెగెటివ్ వైపు ఉండే గ్రాఫైట్ గ్రాముకి 372 మిల్లీ ఆంపియర్ అవర్లు మించి ఇవ్వదు. సిలికాన్ దానికి దాదాపు పదింతలు పట్టుకోగలదు. కాకపోతే చార్జయినప్పుడు విపరీతంగా ఉబ్బి, పగిలి, పొడైపోతుంది. అందుకే ఇప్పటికి గ్రాఫైట్‌లో కాస్త కాస్త కలుపుతున్నారు. ఆ ఉబ్బుకి విరుగుడు దొరికిన రోజు మీ పేర్పుల లాభం దాని ముందు చిన్నదైపోతుంది.

గుణుపురం_ఆటో:
అన్నయ్యలూ, మీ గొడవ మీది. నా బండి మీటరు 40 శాతం చూపిస్తుంది, సంత నుంచి తిరిగొచ్చేలోపే ఒక్కసారి పదికి పడిపోతుంది. మధ్యలో పాసింజర్లని దింపేస్తే తిట్లు నాకే. ఇది సరుకు తప్పా, కట్టుబడి తప్పా? రోజూ టెన్షనే.

జయపురం_కెమిస్ట్రీ:
తమ్ముడూ, మొదలు సరుకు గుణంలోనే ఉంది. ఎల్‌ఎఫ్‌పీ సెల్ వోల్టేజి చాలా దూరం 3.2, 3.3 వోల్టుల దగ్గరే కదలకుండా ఉంటుంది. 80 శాతం ఉన్నా, 40 ఉన్నా వోల్టేజిలో తేడా చాలా స్వల్పం. చివర్లో మాత్రం ఒక్కసారిగా కూలుతుంది. వోల్టేజి చూసి శాతం చెప్పే చవక మీటరు అక్కడ గుడ్డిదే.

రాయగడ_రిపేరు:
అందుకే లోపలికి, బయటికి పోయిన కరెంటుని లెక్కపెట్టే బీఎంఎస్, అంటే ప్యాకుని కనిపెట్టుకుని ఉండే సర్క్యూట్ బోర్డు, ఉండాలి. ఆ లెక్కా కొద్దికొద్దిగా తప్పుతుంది కాబట్టి, వారానికోసారైనా చార్జరు దానంతటది ఆగేదాకా పూర్తిగా చార్జి పెట్టు. రోజూ 70 దగ్గర పీకేస్తే మీటరు దారి తప్పుతుంది. మళ్లీ చూశారా, విరుగుడు కట్టుబడిలోనే దొరికింది!

దమన్‌జోడి_రిటైర్డ్:
అల్యూమినా (అల్యూమినియం తీసే తెల్ల పొడి) ప్లాంటులో ఉద్యోగం చేసినవాణ్ని, ఒక మాట. సెల్లో రెండు ఎలక్ట్రోడ్లనీ విడదీసే సెపరేటరు పల్చని ప్లాస్టిక్ పొర. పాలిథిలిన్‌దైతే 130 డిగ్రీల దగ్గర కరగడం మొదలెడుతుంది. కుంచించుకుపోతే లోపలే షార్టు. అది కుంచించుకోకుండా పైన సిరామిక్ పూత వేస్తారు, అల్యూమినా లాంటిది. ఇది వినగానే మా కాలనీ కుర్రాళ్లు "మన అల్యూమినా ఉండగా సెల్ ఫ్యాక్టరీ ఇక్కడే పెట్టొచ్చుగా" అంటారు. అంత తేలిక కాదు బాబూ. ఇక్కడ తయారై రైల్లో అంగుల్‌కీ విశాఖకీ పోయేది అల్యూమినియం లోహం తీయడానికి వాడే రకం. కాస్టిక్ సోడాతో తీస్తాం కాబట్టి సోడా కొంత మిగిలే ఉంటుంది. బ్యాటరీవాళ్లు అడిగే మేలు రకం 99.99 శాతం శుద్ధి. ఆ శుద్ధి వేరే ప్లాంటు, వేరే ఖర్చు. ఇక మీ వాదన సంగతంటారా, ఆ పూత సరుకో కట్టుబడో మీరే తేల్చుకోండి.

జయపురం_కెమిస్ట్రీ:
సరుకే అంటాను, కానీ దానికన్నా గట్టి ఉదాహరణ ఉంది. రాయగడ అన్నయ్యా, వానాకాలమంతా మూలన పడేసిన బళ్లు మీ దగ్గరికి వస్తాయి కదా?

రాయగడ_రిపేరు:
ఎందుకు రావు? ప్యాక్ సున్నాకి దిగిపోయి ఉంటుంది. చాలావాటిని మళ్లీ చార్జి చేయడానికి నాకే భయం.

జయపురం_కెమిస్ట్రీ:
ఆ భయం న్యాయమే. గ్రాఫైట్ వైపు ఉండేది రాగి రేకు. వోల్టేజి మరీ దిగిపోతే రాగి సెల్ లోపలి ద్రవంలో కరిగిపోతుంది. మళ్లీ చార్జి చేసినప్పుడు ఎక్కడపడితే అక్కడ పేరుకుని లోపల షార్టు చేయగలదు. సోడియం సెల్లో ఈ బెడద లేదు. సోడియం అల్యూమినియంతో కలవదు కాబట్టి రెండు వైపులా అల్యూమినియం రేకే వాడతారు. సున్నాకి దింపి రవాణా చేయొచ్చు. మరి ఈ లాభం కెమిస్ట్రీ ఇచ్చిందా, వెల్డింగ్ ఇచ్చిందా?

రాయగడ_రిపేరు:
అది ఒప్పుకోవాల్సిందే. కానీ సోడియం సెల్ వోల్టేజి నిండుగా ఉన్నప్పుడు 4 దాకా, చివరికి 1.5 దాకా ఊగుతుంది. మన బళ్లలో ఉన్న కంట్రోలరు అంత ఊపుకి తట్టుకోదు. పైగా 2021లో చైనా బ్యాటరీ కంపెనీ సీఏటీఎల్ చూపించిన మొదటి రకం సోడియం సెల్ కిలోకి 160 వాట్ అవర్లు. మంచి ఎల్‌ఎఫ్‌పీని దాటిందేమీ కాదు. మూలన పడేసే బండికైతే, నెలకోసారి సగం చార్జి పెట్టి, స్విచ్ తీసి ఉంచితే చాలు.

గుణుపురం_ఆటో:
అయితే ఎల్‌ఎఫ్‌పీకే ఉండమంటారు. ఈ ఆదివారం నా ప్యాక్ విప్పి ఆ నికెల్ పట్టీ గీకి చూడనా?

రాయగడ_రిపేరు:
సీలుంటే ముట్టుకోకు, వారంటీ పోతుంది. బీఎంఎస్‌కి బ్లూటూత్ ఉంటే ఫోన్లోనే ఒక్కో సెల్ వోల్టేజి కనిపిస్తుంది. చార్జింగ్ చివర్లో చూడు. ఒకటి 3.65కి చేరిపోయి మిగతావి 3.4 దగ్గరే ఉంటే బ్యాలెన్స్ పోయినట్టు. స్క్రీన్‌షాట్ తీసి ఇక్కడే పెట్టు.

జయపురం_కెమిస్ట్రీ:
పెట్టు తమ్ముడూ. తేడాగా కనిపించేది ఎప్పుడూ అదే సెల్ అయితే మాత్రం నేను సరుకు తప్పనే అంటాను.