యూకేలో కరెంటు, గ్యాస్: ఫిక్స్ చేయాలా, వేరియబుల్‌లో ఉండాలా?

లీడ్స్ నుంచి ప్రశ్న:

అందరికీ నమస్కారం. కొత్తగా అద్దె ఫ్లాట్‌లో దిగాం, ఇద్దరమే. గ్యాస్ బాయిలర్ ఉంది. ఇంతకుముందున్న వాళ్ల కంపెనీయే మాకూ ఉత్తరం పంపింది: "మీరు వేరియబుల్ (రేటు మారుతూ ఉండే) టారిఫ్‌లో ఉన్నారు, ఏడాదికి రేటు ఫిక్స్ చేసుకుంటే తక్కువ" అని. అగ్రిమెంట్ 12 నెలలు, ఆరు నెలలకే ఇల్లు వదలడానికి వీలిచ్చే బ్రేక్ క్లాజ్ ఉంది. ఫిక్స్ చేయమంటారా, కంపెనీ మార్చమంటారా?

రీడింగ్ నుంచి జవాబు:

స్వాగతమండీ. ఇప్పుడున్న వేరియబుల్‌లో మీరు ఒప్పుకుని చేరలేదు, ఇంట్లో దిగగానే దానంతటదే మొదలైంది. దీనికి ఎగ్జిట్ ఫీ (మధ్యలో వదిలితే కట్టే రుసుము) ఉండదు, ఎప్పుడైనా బయటికి రావచ్చు. కాబట్టి ఉత్తరం వచ్చిందని కంగారు వద్దు. తాళాలు చేతికొచ్చిన రోజు రెండు మీటర్లకూ ఫోటో తీశారా? లేకపోతే ఇవాళే తీసి, దిగిన తేదీతో కంపెనీకి పంపండి. ల్యాండ్‌లార్డ్ ఇన్వెంటరీలో రీడింగ్ ఉంటే అదీ జతచేయండి. ఇది వదిలేస్తే పాత అద్దెదారు వాడకం మీ బిల్లులోకి వస్తుంది, ఆ తర్వాత ఏ టారిఫ్ తీసుకున్నా లెక్క తేలదు.

వేరియబుల్ రేటుకు ఇంధన నియంత్రణ సంస్థ ఆఫ్‌జెమ్ పెట్టే ప్రైస్ క్యాప్ (గరిష్ఠ హద్దు) ఉంటుంది. 2019 జనవరి నుంచి ఉన్న పద్ధతి ఇది. జనవరి, ఏప్రిల్, జులై, అక్టోబర్‌లలో మారుతుంది, కొత్త రేటు నెలకు పైగా ముందే ప్రకటిస్తారు. ఇంగ్లండ్, స్కాట్లండ్, వేల్స్‌లకే వర్తిస్తుంది, నార్తర్న్ ఐర్లండ్‌కు కాదు. 2025 ఏప్రిల్‌లో వార్తల్లో "క్యాప్ ఏడాదికి 1,849 పౌండ్లు" అని చూసి బిల్లు అంతకు మించదనుకున్నారు చాలామంది. హద్దు బిల్లుకు కాదు, యూనిట్ రేటుకూ స్టాండింగ్ ఛార్జ్‌కూ (కనెక్షన్ ఉన్నందుకు రోజూ కట్టేది). ఫిక్స్ కూడా అంతే: స్థిరంగా ఉండేది రేటే, ఎక్కువ వాడితే బిల్లు పెరుగుతుంది.

ఇంకో తేడా. ఆంధ్రా, తెలంగాణల్లో శ్లాబులుంటాయి, తక్కువ వాడితే యూనిట్ చవక. ఇక్కడ మామూలు టారిఫ్‌లో మొదటి యూనిట్‌కూ చివరి యూనిట్‌కూ ఒకటే రేటు. పైగా స్టాండింగ్ ఛార్జ్ స్విచ్ వేయకపోయినా రోజూ పడుతుంది. అందుకే తక్కువ వాడే ఇల్లు ముందు చూడాల్సింది అదే.

లెక్క ఇలా కట్టండి. మీ ఇద్దరికీ ఏడాదికి 1,800 యూనిట్ల కరెంటు, 7,500 యూనిట్ల గ్యాస్ అనుకుందాం. తక్కువ వాడే ఇంటికి ఆఫ్‌జెమ్ 2023లో పెట్టిన అంకెలివి. యూనిట్ అంటే కిలోవాట్ అవరే. 2025 ఏప్రిల్ క్యాప్ సగటు రేట్లు, డైరెక్ట్ డెబిట్‌కు (బ్యాంకు ఖాతా నుంచి దానంతటదే కట్టేలా పెట్టుకుంటే): కరెంటు యూనిట్‌కు 27.03 పెన్నీలు, స్టాండింగ్ ఛార్జ్ రోజుకు 53.80, గ్యాస్ యూనిట్‌కు 6.99, స్టాండింగ్ ఛార్జ్ రోజుకు 32.67. ఏడాదికి మొత్తం 1,326 పౌండ్లు. ఉదాహరణకు ఒక ఫిక్స్ కరెంటు 25, రోజుకు 60, గ్యాస్ 6.4, రోజుకు 35 అనుకోండి. అది 1,277 పౌండ్లు అవుతుంది. యూనిట్ల మీద 80 పౌండ్లు మిగిలితే, పెరిగిన స్టాండింగ్ ఛార్జ్ అందులో 31 తినేసింది. మిగిలింది 50 లోపే.

ఇక ఎగ్జిట్ ఫీ కరెంటుకూ గ్యాస్‌కూ 50 పౌండ్ల చొప్పున మొత్తం 100 ఉంటే, ఆరు నెలలకే ఇల్లు వదిలితే నష్టమే. అదీ వేసవి ఆరు నెలలైతే మరీను, గ్యాస్ దాదాపుగా కాలేది అక్టోబర్ నుంచి మార్చి దాకానే. ఇల్లు మారితే ఫిక్స్‌ను కొత్త ఇంటికి తీసుకెళ్లనిస్తారా, లేక ఫీ మాఫీ చేస్తారా అని ముందే రాతలో అడగండి. కంపెనీని బట్టి మారుతుంది.

నా మాట: బ్రేక్ క్లాజ్ వాడే ఆలోచన ఉంటే ఎగ్జిట్ ఫీ లేని ఫిక్స్ వెతకండి, దొరక్కపోతే వేరియబుల్‌లోనే ఉండండి. ఏడాదీ ఉంటారంటే, క్యాప్ కన్నా మీ లెక్కలో తక్కువ వచ్చే ఫిక్స్ తీసుకోండి. క్యాప్‌తో సమానంగా ఉన్నా, చలికాలంలో రేటు పెరిగితే తట్టుకోలేమనుకునే వారికి మంచిదే. కానీ ఖాయంగా లాభమని చెప్పలేం: 2025 ఏప్రిల్‌లో క్యాప్‌లో 27.03 పెన్నీలున్న కరెంటు అదే ఏడాది జులైలో 25.73కి తగ్గింది.

మిల్టన్ కీన్స్ నుంచి:

పై లెక్కకు ఒక హెచ్చరిక. కంపెనీ ఇచ్చే కోట్‌లో "మీ ఏడాది వాడకం" అన్నది పాత అద్దెదారుది అయివుండొచ్చు. ఆ కుటుంబంలో అయిదుగురుంటే మీ కోట్ అంతా తప్పే. వాడకం యూనిట్లలో మీరే టైపు చేయండి, నెలకు ఎంత డైరెక్ట్ డెబిట్ అన్న అంకెతో టారిఫ్‌లను పోల్చకండి. నెలవారీ మొత్తం అంచనా మాత్రమే, తక్కువ పెట్టినంత మాత్రాన ఆదా కాదు, బాకీ చలికాలంలో బయటపడుతుంది.

గ్యాస్ మీటర్ మీద ఏముందో చూడండి. ఘనపు మీటర్లయితే ఒక్కోటి సుమారు 11.2 యూనిట్లు. పాత మీటర్ వందల ఘనపుటడుగుల్లో చూపిస్తుంది, దాన్ని ముందు 2.83తో హెచ్చించాలి. కంపెనీ రికార్డులో మీటర్ రకం తారుమారైతే బిల్లు దాదాపు మూడింతలవుతుంది, లేదా మూడో వంతే వచ్చి తర్వాత ఒకేసారి మీద పడుతుంది. 12 నెలలకు ముందు వాడినదానికి, తప్పు మీది కానప్పుడు, కంపెనీ ఇప్పుడు బిల్లు వేయకూడదన్న నియమం గుర్తుంచుకోండి.

మార్చడం కష్టం కాదు. కరెంటు బిల్లు మీద ఎంపాన్, గ్యాస్ బిల్లు మీద ఎంపీఆర్ఎన్ అని మీ కనెక్షన్ నంబర్లుంటాయి. కొత్త కంపెనీకి అవి ఇస్తే మిగతాది వాళ్లే చూసుకుంటారు, పాత కంపెనీకి ఫోన్ అక్కర్లేదు. సాధారణంగా అయిదు పనిదినాల్లో మారుతుంది, సరఫరా ఆగదు. 14 రోజుల్లోపు మనసు మార్చుకోవచ్చు. మారే రోజు రీడింగ్ ఫోటో ఉంచుకోండి, పాత కంపెనీ ఫైనల్ బిల్లు ఆరు వారాల్లో రావాలి. అద్దె ఇల్లయినా బిల్లు మీరే నేరుగా కడుతుంటే కంపెనీని ఎంచుకునే హక్కు మీదే. ల్యాండ్‌లార్డ్‌కు ఒక మెయిల్ పెడితే చాలు. మీటర్ మార్చాలంటే మాత్రం అనుమతి అడగండి.

లీడ్స్ నుంచి:

చాలా థ్యాంక్స్. రెండు సందేహాలు. చిన్న కంపెనీ మునిగిపోతే? అరగంటకో రేటు మారే టారిఫ్ మాకు పనికొస్తుందా?

రీడింగ్ నుంచి:

2021–22లో చాలా కంపెనీలు మూతపడ్డాయి. సరఫరా ఆగలేదు, ఆఫ్‌జెమ్ వేరే కంపెనీకి అప్పగించింది, ఖాతాలో ఉన్న క్రెడిట్‌కూ రక్షణ ఉంది. పోయింది ఫిక్స్ రేటు, అందరూ క్యాప్ రేటులోకి వచ్చారు. కాబట్టి భయపడక్కర్లేదు, కానీ ఖాతాలో వందల పౌండ్ల క్రెడిట్ పేరుకోనివ్వకండి, వెనక్కి అడగండి.

ఎజైల్ లాంటి, అరగంటకో రేటు మారే టారిఫ్‌కు అరగంట రీడింగులు పంపే స్మార్ట్ మీటర్ కావాలి. సాయంత్రం 4 నుంచి 7 దాకా రేటు బాగా ఎక్కుతుంది, మన ఇళ్లలో వంట చాలావరకు అప్పుడే. గ్యాస్ స్టవ్ అయితే ఫర్వాలేదు, ఎలక్ట్రిక్ హాబ్ (కరెంటు స్టవ్), ఓవెన్ అయితే వద్దు. రాత్రి కారు ఛార్జింగ్ పెట్టేవాళ్లకు మాత్రం చూడదగ్గదే.

మిల్టన్ కీన్స్ నుంచి:

ఫిక్స్ తీసుకుంటే ముగిసే తేదీ క్యాలెండర్‌లో రాసుకోండి. చివరి 49 రోజుల్లో ఎగ్జిట్ ఫీ లేకుండా మారవచ్చు. ఏమీ చేయకపోతే సాధారణంగా మళ్లీ వేరియబుల్‌లో పడతారు. ఒకవేళ మీ ఫ్లాట్‌లో ఉన్నది ప్రీపే మీటరైతే, టాప్ అప్ చేసే ముందే కంపెనీకి ఫోన్ చేయండి. పాత వాళ్ల బాకీ ఆ మీటర్‌లో ఉంటే మీ డబ్బు దానికి కోతపడుతుంది.