వివరింపదగునా, విచారింపదగునా?

గోదారి గట్టు: సుమతీ శతకంలోని ఒక పద్యపాదం మూడు రోజులుగా బుర్ర తింటోంది. "వినదగు నెవ్వరు చెప్పిన, వినినంతనె వేగపడక..." ఆ తర్వాత నా నోటికి "విచారింపదగున్" అనే వస్తోంది. పుస్తకమేమో ఊళ్ళో ఉండిపోయింది. ఎందుకు కావాలంటే, మా ఊరి శివాలయం మీద తెలుగు వికీలో వ్యాసం రాశాను. "జనమేజయుడు కట్టించిన సుప్రసిద్ధ పుణ్యక్షేత్రం" అన్నాను. పొద్దున చూస్తే "సుప్రసిద్ధ" ఎగిరిపోయింది, జనమేజయుడి పక్కన "మూలం చూపాలి" అని చిన్న అక్షరాలు వెలిశాయి. నా మూలం మా తాతయ్య, ఆయన మూలం పూజారిగారు. చర్చ పేజీలో ఈ పద్యంతోనే జవాబు మొదలుపెడదామని ఉంది.

పద్యప్రియ: "విచారింప" కుదరదండీ, ఇది కందం. "వివరిం" సగణం, నాలుగు మాత్రలు. "విచారిం" ఐదవుతుంది, గణం విరుగుతుంది. యతికి రెండూ సరిపోతాయి కదా, అందుకే నోరు మోసపోయింది.

గోదారి గట్టు: సరే, మరి అర్థం? విన్నదాన్ని వివరించడం ఏమిటి? వినగానే పదిమందికీ చెప్పమనా? అది వాట్సాప్‌లో రోజూ జరుగుతున్నదేగా!

ఒంగోలు మాస్టారు: 30 ఏళ్ళు పిల్లలకు చెప్పిన పద్యం. నిజానిజాలు విచారించాలనే తాత్పర్యం. సంస్కృతంలో వివరం అంటే కన్నం, తెరుచుకున్న చోటు. మాట మూత తీసి లోపల చూడమన్నాడు.

మదనపల్లె: సంస్కృతం దాకా ఎందుకు మాస్టారూ? మా వైపు "వాడికి ఇవరం లేదు" అంటే తెలివి లేదని. పక్కన తమిళంలోనూ వివరం తెలిసినవాడంటే లోకం తెలిసినవాడే. మా తాత సంతలో ఎద్దు నోరు తెరిచి, వేలుపెట్టి పళ్ళు తడుముతూ "ఇవరంగా చూడాల రా" అనేవాడు. బేరం ఆ తర్వాతే. పద్యంలో ఉన్నది అదే.

పద్యప్రియ: మీ ఇవరం నామవాచకం, పద్యంలో ఉన్నది క్రియ. "ఇవరించు" అని మీ వైపు ఎవరైనా అంటారా?

మదనపల్లె: అనరు. కానీ ఎద్దును కొనేవాళ్ళు చేస్తారు.

విశాఖ: విచారించడమే అర్థమైతే ఇంకో చిక్కుంది. తర్వాతి పాదంలో "కని కల్ల నిజము దెలిసిన" అని ఉండనే ఉంది. కందంలో చోటే తక్కువ, చెప్పిందే రెండుసార్లు చెబుతాడా? నా లెక్కలో "వివరింపదగున్" అంటే చెప్పినవాడినే ఆపి వివరాలు రాబట్టడం. ఎప్పుడు, ఎక్కడ, ఎవరు చూశారు అని.

ఒంగోలు మాస్టారు: అలాగైతే "వివరింపజేయ" కావాలమ్మా. నీ అర్థం బాగుంది, పద్యంలో లేదు.

ఓరుగల్లు: ఇంత గొడవ ఎందుకండీ, "కట్టించాడట" అని రాసేయండి. ఒక్క 'ట'తో భారం దిగిపోతుంది. పోతన అదే చేశాడు. "పలికెడిది భాగవతమట, పలికించెడివాడు రామభద్రుండట", పలికితే "భవహరమగునట". మూడు 'ట'లు పెట్టి, చివరికి "పలికెద" దగ్గర మాత్రం పూచీ తనే తీసుకున్నాడు.

మొలక: నేను వికీలో రాస్తుంటాను. అక్కడ 'ట' నడవదు, అన్నదెవరని అడుగుతారు. "స్థలపురాణం ప్రకారం" అనాలి, ఆ స్థలపురాణం అచ్చయి ఉండాలి, పేజీ నంబరు ఇవ్వాలి. నమ్మకాన్ని నమ్మకమని రాస్తే పేచీ లేదు. చరిత్ర అన్నప్పుడే పట్టుకుంటారు. అసలు మూలం అడగడం గజేంద్రుడితోనే మొదలైంది. "కలడందురు" అని మూడు పాదాలు, ఎవరందురో లేదు. నాలుగో పాదంలో తనకే అనుమానం, "కలడో లేడో" అని!

ఒంగోలు మాస్టారు: ఆ పద్యం జోలికి రాకండి, నొచ్చుకుంటాను. కాలు మొసలి నోట్లో ఉన్నవాడు పేజీ నంబర్లు ఇస్తాడా?

ఓరుగల్లు: మా నాన్నగారు వికీలో "పోతన రచించాడు" అని చూసి రెండు రోజులు అన్నం దగ్గర అదే మాట. "రచించారు" అనడానికి వాళ్ళ సొమ్మేం పోయిందని.

మొలక: రాజుకైనా కవికైనా ఏకవచనమే అక్కడ. ఒకరికి 'రు' పెడితే ఇంకొకరికి ఎందుకు పెట్టలేదని తగువు. గారూ లేదు, శ్రీ లేదు.

కడప: మా ఒంటిమిట్ట పోతనకు 'రు' పెట్టకపోయినా ఫరవాలేదు.

ఓరుగల్లు: మీ ఒంటిమిట్టా? అన్నా, ఆయనది బమ్మెర. భాగవతంలో ఏకశిలానగరం అని ఆయనే రాసుకున్నాడు. ఓరుగల్లులో ఉన్నది 'కల్లు', అంటే రాయి. మిట్ట రాయెట్లయితది?

కడప: మా గుడిలో సీతారామలక్ష్మణులు ముగ్గురూ ఒకే శిలలో ఉన్నారు. వచ్చి చూడండి.

మొలక: ఇలాంటి చోటే తటస్థ దృక్కోణం కావాలి. రెండు వాదనలూ ఎవరివో చెప్పి రాయాలి.

విశాఖ: తటం మీద నిలబడ్డవాడు తటస్థుడు. ఇక్కడ గట్టున ఎవరున్నారండీ, అందరం నీళ్ళలోనే.

గోదారి గట్టు: పద్యం పెట్టాను, "బద్దెన చెప్పినట్టు" అని. గంటలో జవాబు వచ్చింది, ఈ శతకం బద్దెనదే అనడానికి మూలం ఏమిటని!

ఒంగోలు మాస్టారు: అడిగింది న్యాయమే. నీతిశాస్త్రముక్తావళి బద్దెనది. సుమతీ శతకం కూడా ఆయనదే అన్నదానిపై వాదం ఇంకా నడుస్తోంది. నీతిశాస్త్రముక్తావళి గురించి ఒక సంగతి చెప్పాలి...

పద్యప్రియ: దానికి ముందు మాస్టారూ, "కని కల్ల" విడిగానా, "కనికల్ల" కలిపా? నా దగ్గరున్న ప్రతిలో కలిపి ఉంది. బ్రౌను 1829లో వేమన పద్యాలు వేసినప్పుడు చేసినట్టు నాలుగు ప్రతులు పక్కపక్కన పెట్టుకుంటే గానీ తేలదు.

గోదారి గట్టు: శనివారం ఊరెళ్తున్నాను. మా పుస్తకంలో ఎలా ఉందో ఫొటో తీసి పెడతాను. అట్ట లేదు, మొదటి పదహారు పేజీలూ లేవు.

మదనపల్లె: పేజీ నంబరు కనబడేట్టు తీయండి.