దుబాయ్‌లో 22 వేల దిర్హమ్‌లు: బెంగళూరు వదిలి వెళ్లదగ్గ జీతమేనా?

కడప కుర్రాడు:
అందరికీ నమస్కారం. తిట్టినా పర్వాలేదు, లెక్క చూపించి తిట్టండి. నేను వైట్‌ఫీల్డ్‌లో సాఫ్ట్‌వేర్, సీటీసీ 32 లక్షలు. మా ఆవిడది 18. పాప ఒకటో తరగతి. దుబాయ్ నుంచి నెలకు 22,000 దిర్హమ్‌ల ఆఫర్ వచ్చింది. ఇంటి అద్దె, స్కూలు ఫీజు అన్నీ అందులోనే పెట్టుకోవాలి. ముగ్గురికీ ఇన్సూరెన్స్, ఏడాదికోసారి టికెట్లు మాత్రం కంపెనీవి. దిర్హమ్‌ని 24 రూపాయలు వేసుకున్నా నెలకు 5.28 లక్షలు, ఆదాయపు పన్ను లేదు. మా మామగారు "ఇంకా ఆలోచన దేనికి?" అంటున్నారు. ఆఫీసులో మా లీడ్ "ఫ్యామిలీతో ఆ జీతానికి వెళ్తే చేతికి చిప్పే" అంటున్నాడు. ఎవరి మాట వినాలి?

జగిత్యాలోడు:
తమ్ముడూ, మా వైపు ఇంటికొకరు గల్ఫ్‌లో ఉంటారు. నెలకు వెయ్యి, పదిహేను వందల దిర్హమ్‌లకి పనిచేసి ఊళ్లో ఇల్లు కట్టారు, చెల్లెళ్ల పెళ్లిళ్లు చేశారు. 22 వేలు చాలవంటే మా వాళ్లు నవ్వుతారు. మూటాముల్లె సర్దుకో.

నహదా నివాసి:
@జగిత్యాలోడు అన్నా, వాళ్ల కష్టాన్ని తక్కువ చేసి అనడం లేదు. కానీ వాళ్లు దుబాయ్‌లో సంపాదించి జగిత్యాలలో కాపురం నడిపారు. ఉండటం కంపెనీ క్యాంపులో, పెళ్లాంపిల్లలు ఊళ్లో. ఖర్చంతా రూపాయల్లో జరిగింది కాబట్టే మిగిలింది. ఈయన సంపాదనా దిర్హమ్‌లే, ఖర్చూ దిర్హమ్‌లే. రెండూ వేరే లెక్కలు.

నేను బెంగళూరు బీటీఎం నుంచి దుబాయ్‌కి మారాను. కుర్రాడు అన్నిటికంటే ముందు తెలుసుకోవాల్సింది అద్దె సంగతి. ఇక్కడ మామూలుగా నెలనెలా ఫోన్‌లో కొట్టేయడం కుదరదు. ఏడాది అద్దెని నాలుగు చెక్కులుగానో రెండుగానో విడగొట్టి, ముందు తేదీలు వేసి, అన్నీ మొదటి రోజే ఇంటి ఓనర్ చేతిలో పెట్టాలి. చెక్కులు ఎన్ని తక్కువైతే బేరానికి అంత వీలు. నాకు అల్ నహదాలో రెండు బెడ్‌రూమ్‌ల ఫ్లాట్ ఏడాదికి 85,000. దిగేటప్పుడు కట్టింది చూడు: మొదటి చెక్కు 21,250, డిపాజిట్ 5 శాతం అంటే 4,250, ఏజెంట్ కమిషన్ ఇంకో 4,250, కరెంటూ నీళ్లూ ఇచ్చే సంస్థ 'దేవా'కి డిపాజిట్ 2,000. మొత్తం 31,750. మంచం, ఫ్రిజ్ కొనకముందే ఏడున్నర లక్షల రూపాయలు దాటింది. అప్పటికి ఒక్క జీతం కూడా పడలేదు. ఆ పైన 'దేవా' బిల్లులోనే మున్సిపాలిటీ వాళ్లు ఏడాది అద్దెలో 5 శాతాన్ని హౌసింగ్ ఫీజు పేరుతో నెలలవారీగా వేస్తారు. ఇది ఇంటి ప్రకటనల్లో ఎక్కడా కనపడదు.

ఫుల్‌టాస్:
బెంగళూరేమైనా తక్కువ తిందా బ్రో? కుందలహళ్లిలో టూ బీహెచ్‌కే 45 వేలు, ఐదారు నెలల అడ్వాన్స్, ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ పేరుతో ఓ నెల అద్దె మింగేస్తారు. ఎండాకాలం వస్తే ట్యాంకర్ డబ్బులు వేరే. మా ఓనర్ అయితే గోడకి మేకు కొట్టానని డిపాజిట్‌లో కోశాడు! కనీసం అక్కడ రోడ్లు బాగుంటాయి.

నహదా నివాసి:
రోడ్లు బాగుంటాయి, టోలూ ఉంటుంది. 2025 జనవరి ఆఖరు నుంచి సాలిక్ గేటు దాటితే రద్దీ వేళల్లో 6 దిర్హమ్‌లు, మామూలప్పుడు 4. అద్దె తక్కువని షార్జాలో దిగి రోజూ అల్ ఇత్తిహాద్ రోడ్డు మీద దుబాయ్ వచ్చేవాళ్లని అడుగు, బెంగళూరు సిల్క్ బోర్డు ట్రాఫిక్ మీద ప్రేమ పుట్టుకొస్తుంది.

ఓనర్ల సంగతిలో మాత్రం నీతో ఏకీభవిస్తా. ఇక్కడ అద్దె పెంచాలంటే 90 రోజుల ముందు చెప్పాలి, అదీ ప్రభుత్వ రెంటల్ ఇండెక్స్ ఒప్పుకున్నంతే. బెంగళూరులో మా పాత ఓనర్ వాట్సాప్‌లో ఒక్క లైను పెట్టి ఐదు వేలు పెంచాడు.

పన్నుల పంతులు:
పన్ను లేదు పన్ను లేదు అని అందరూ ఊగిపోతుంటారు కాబట్టి ముందు అదే చూద్దాం. కొత్త పద్ధతిలో 32 లక్షల జీతానికి, 75 వేల స్టాండర్డ్ డిడక్షన్ పోగా, సెస్‌తో కలిపి పన్ను 5.38 లక్షలు. 18 లక్షలకి లక్షన్నర. సీటీసీలో కంపెనీ వాటా పీఎఫ్, గ్రాట్యుటీ కూడా కలిసే ఉంటాయి కాబట్టి ఇద్దరి చేతికీ కలిపి నెలకు 3.3 లక్షలు వస్తాయనుకుందాం. మీ ఖర్చులు నేను ఊహించి వేస్తున్నాను: అద్దె 45 వేలు, స్కూలూ వ్యానూ 20, వంటామె, పనిమనిషి 12, సరుకులు 20, కారు 25, ఊళ్లో అమ్మానాన్నలకి 20, చిల్లర మల్లర 25. మొత్తం 1.67 లక్షలు. మిగిలేది 1.6 లక్షల పైచిలుకు. పీఎఫ్ అదనం.

ఇప్పుడు దుబాయ్, నహదా గారి అద్దెతో. అద్దె నెలకు 7,100. 'దేవా', హౌసింగ్ ఫీజు 850. నెట్, ఫోన్లు 600. మన సిలబస్ స్కూలు, బస్సు కలిపి 1,500. సరుకులు 2,200. కారు అన్నీ కలిపి 2,300. బయట తిండి, తిరుగుళ్లు, బట్టలు 1,500. అమ్మానాన్నలకి పంపేది 830. వెరసి 16,880. మిగిలేది 5,120, అంటే మన డబ్బుల్లో 1.23 లక్షలు.

అంటే మామగారు చూస్తున్న 5.28 లక్షల జీతంతో ఇక్కడికంటే నెలకు ముప్పై నలభై వేలు తక్కువే దాస్తారు. పీఎఫ్ బదులు అక్కడ గ్రాట్యుటీ ఉంటుంది. మొదటి ఐదేళ్లు ఏడాదికి 21 రోజుల జీతం, అదీ బేసిక్ మీదే. ఆఫర్‌లో బేసిక్ 11,000 అని ఉంటే ఏడాదికి వచ్చేది 7,700 దిర్హమ్‌లే. అందుకే మొత్తం చూసి మురిసిపోకుండా బేసిక్ ఎంతో అడగండి.

ఫుల్‌టాస్:
కారు తీసేయండి పంతులు గారూ! మెట్రో, బస్సు అన్ని జోన్ల నెల పాసు 350 దిర్హమ్‌లే. అప్పుడు మిగిలేది 7 వేలు దాటుతుంది, అంటే దాదాపు 1.7 లక్షలు. బెంగళూరుని దాటేసింది.

నహదా నివాసి:
జూలైలో మధ్యాహ్నం స్టేషన్ నుంచి ఇంటికి పదిహేను నిమిషాలు పిల్లని ఎత్తుకుని నడిచి, అప్పుడు చెప్పు కారు తీసేయమని. ఒంటరిగా ఉంటే కుదురుతుంది. ఫ్యామిలీతో మొదటి ఏడాది లాగొచ్చు, రెండో ఎండాకాలానికి అందరూ కొనేస్తారు.

హోరమావు అక్క:
ఇందాకటి నుంచి చూస్తున్నా. కారు ఉండాలా వద్దా అని కొట్టుకుంటున్నారు గానీ, పంతులు గారి లెక్కలో అసలు సంగతి ఎవరూ పట్టుకోలేదు. అక్కడ మిగులు తగ్గింది దుబాయ్ ఖరీదైన ఊరని కాదు. రెండు జీతాల ఇంటిని ఒక్క జీతం ఇంటితో పోల్చారు. ఆ అమ్మాయి 18 లక్షలు "ఎలాగూ పోయేదే" అని మొదటే కొట్టేశారు! ఆమె అక్కడ నెలకు 8 వేల దిర్హమ్‌లకి చేరినా మొత్తం లెక్క తిరగబడుతుంది. చేరకపోతే, కారు లేకుండా చెమటలు కక్కుతూ తిరిగినా వచ్చే లాభం నెలకు ఏడెనిమిది వేల రూపాయలు. దానికి ఒక ఉద్యోగం వదులుకోవాలా?

మా తోటికోడలు అలాగే వెళ్లింది. "ఆర్నెల్లలో దొరుకుతుంది" అన్నారు. పాప స్కూలు బస్సు మధ్యాహ్నమే ఇంటికొస్తుంది, ఇక్కడిలా వంటామె లేదు, గంటల లెక్కన వచ్చి ఊడ్చి వెళ్లే మనిషికే గంటకు 35 దిర్హమ్‌లు. ఇంటర్వ్యూలకి వెళ్లడానికే తీరిక లేకపోయింది. నాలుగేళ్ల తర్వాత బెంగళూరు తిరిగొస్తే రెజ్యూమేలో గ్యాప్ చూసి ఫోన్ కూడా చేయడం లేదు ఎవరూ.

పన్నుల పంతులు:
ఒప్పుకుంటాను, ఆ జీతాన్ని పక్కన పెట్టి చూడటం సరైన లెక్క కాదు. అయితే అక్కా, భర్త స్పాన్సర్‌షిప్‌లో ఉన్న వీసా మీదే ఆమె ఉద్యోగం చేయొచ్చు, చేర్చుకున్న కంపెనీ వర్క్ పర్మిట్ తీసుకుంటే చాలు. కొన్ని దేశాల్లోలాగా చట్టం అడ్డుపడదు.

హోరమావు అక్క:
చట్టం అడ్డమని నేనెక్కడ అన్నాను? మూడు గంటలకి బస్సు దిగే పిల్ల అడ్డం.

జగిత్యాలోడు:
అక్క మాట కరెక్టే. అట్లయితే ముందు తమ్ముడొక్కడే పోయి ఏడాది చూసుకోవచ్చు గదా. బెంగళూరు నుంచి నాలుగు గంటల ప్రయాణం. షేరింగ్ రూమ్‌లో ఉంటే నెలకు 15 వేల దిర్హమ్‌లు ఈజీగా మిగులుతాయి, వదినమ్మ జీతం ఇక్కడ నడుస్తుంది. మా వాళ్లది కూలి పనైనా లెక్క అదే.

హోరమావు అక్క:
లెక్క బాగానే ఉంది. ఏడాది పాటు ఇక్కడ పిల్లనీ, ఆఫీసునీ, జ్వరాల్నీ ఒక్కతే చూసుకునేది ఎవరో కూడా అందులో రాయి అన్నా.

కడప కుర్రాడు:
అందరికీ థ్యాంక్స్. ఈ లెక్కలన్నీ మా ఆవిడకి చూపించా. వాళ్ల కంపెనీలో జీతం లేని సెలవు ఆర్నెల్లు ఇస్తారట. అది పెట్టి వస్తానంది, ఆ లోపు అక్కడ ఉద్యోగం దొరక్కపోతే పాపని తీసుకుని వెనక్కి వచ్చేస్తానంది. హెచ్‌ఆర్‌తో మళ్లీ మాట్లాడా. స్కూల్ ఫీజు కుదరదన్నారు. బేసిక్ 14 వేలకి మార్చారు, మొత్తం మాత్రం అంతే. ఏడాది అద్దె అడ్వాన్స్‌గా ఇస్తామన్నారు. జాయినింగ్ అక్టోబరులో.

పన్నుల పంతులు:
అక్టోబరు వద్దు బాబూ! ఉద్యోగం కోసం విదేశం వెళ్తున్నవాళ్లు ఆ ఆర్థిక సంవత్సరంలో ఇండియాలో 182 రోజుల లోపు ఉంటేనే ఎన్నారై లెక్కలోకి వస్తారు. ఏప్రిల్ 1 నుంచి లెక్కేస్తే ఆ గడువు సెప్టెంబరు చివర్లో దాటిపోతుంది. రెసిడెంట్‌గా మిగిలిపోతే ఆ మార్చి దాకా దుబాయ్‌లో సంపాదించింది కూడా ఇక్కడ చూపించి పన్ను కట్టాలి. సెప్టెంబరు మూడో వారానికి విమానం ఎక్కేలా అడుగు.

నహదా నివాసి:
అద్దె అడ్వాన్స్ అంటే ఊరికే ఇచ్చేది కాదు, నెలనెలా జీతంలో కోస్తారు. మధ్యలో మానేస్తే మిగిలింది ఒకేసారి కట్టమనే క్లాజు ఉంటుంది, సంతకానికి ముందు అది చదువు. మీ ఆవిడా పాపా ఆర్నెల్లకి వెనక్కి రావచ్చు అంటున్నావు కాబట్టి రెండు బెడ్‌రూమ్‌లకి ఇప్పుడే ఏడాది ఒప్పందం రాయకు. ముందు ఫర్నిష్డ్ స్టూడియో నెలవారీ అద్దెకి తీసుకో. నెలకు ఎక్కువే పడుతుంది, కానీ చెక్కుల గొడవ ఉండదు. కరామా వైపు చూస్తే మన తిండి కూడా దొరుకుతుంది.