ఒకే ప్రశ్నను పన్నెండుసార్లు అడగడం పట్టుదలా, ప్రదర్శనా?

లేఖిని:
1997 మే 13న బీబీసీ ‘న్యూస్‌నైట్’లో జెరెమీ పాక్స్‌మన్, అంతకు పది పదకొండు రోజుల కిందటి దాకా బ్రిటన్ హోం మంత్రిగా ఉన్న మైకేల్ హోవర్డ్‌ను ఒకే ప్రశ్న సుమారు పన్నెండుసార్లు అడిగారు. జైళ్ల శాఖ అధిపతి డెరెక్ లూయిస్ నిర్ణయాన్ని తోసిపుచ్చుతానని బెదిరించారా, లేదా? అమెరికన్ విలేఖరి అయితే రెండోసారికే మరో విషయానికి వెళ్లిపోయేవారు. బ్రిటిష్ పద్ధతే మేలని నా వాదన.

కృష్ణాతీరం:
లేఖిని గారూ, తరువాతి అంశం సిద్ధం కాకపోవడంతో అదే ప్రశ్నను సాగదీశానని పాక్స్‌మనే తరువాత చెప్పారు. పైగా అన్నిసార్లు అడిగినా సూటి సమాధానం రానే లేదు. అమెరికన్ ఛానల్ ఎన్‌బీసీలో 1991 నుంచి 2008 వరకు ‘మీట్ ద ప్రెస్’ ఇంటర్వ్యూ కార్యక్రమం నడిపిన టిమ్ రసర్ట్ అతిథి పాత మాటలనే తెరపై చూపించి, నేటి మాటతో వాటికి పొత్తు ఎలా కుదురుతుందని నిదానంగా అడిగేవారు. గొంతు పెంచకుండా ఇరుకున పెట్టడం కఠినత్వం కాదా?

పాత పాఠకుడు:
తేడా స్వభావంలో కంటే వ్యవస్థలో ఉంది. బ్రిటన్ ప్రసార నిబంధనలు నిష్పాక్షికతను కోరతాయి కనుక, ఎదుట ఎవరున్నా వారి ప్రత్యర్థి వాదాన్ని వినిపించడం అక్కడి విలేఖరికి అలవాటు. అమెరికాలో వివాదాస్పద విషయాల్లో భిన్న వాదాలకు చోటివ్వాలన్న ప్రసార నియమం ‘ఫెయిర్‌నెస్ డాక్ట్రిన్’ను 1987లో ఎత్తివేశాక ఏ ఛానల్ ఎవరి పక్షమో ముందే తెలిసిపోతోంది. 2019 మేలో బీబీసీలో ఆండ్రూ నీల్ గట్టిగా నిలదీసేసరికి అమెరికన్ కన్సర్వేటివ్ (మితవాద) వ్యాఖ్యాత బెన్ షపీరో ఆయనను వామపక్షీయుడిగా భావించి, ఇంటర్వ్యూ మధ్యలోనే ముగించారు. నీల్ అంతకుముందు పదకొండేళ్లు ‘సండే టైమ్స్’ సంపాదకుడు, అప్పట్లో కన్సర్వేటివ్ పత్రిక ‘స్పెక్టేటర్’ ఛైర్మన్! తాను సరిగా సిద్ధం కాలేదని షపీరో తరువాత ఒప్పుకున్నారు. అదీగాక, బ్రిటిష్ ప్రధాని సభ జరిగే వారాల్లో ప్రతి బుధవారం ప్రతిపక్షం ప్రశ్నలకు నిలబడాలి. అమెరికా అధ్యక్షుడికి ఆ బాధ లేదు, పైగా ఆయన దేశాధినేత కూడా. విలేఖరుల గొంతులో కాస్త వినయం అక్కడినుంచే వస్తుంది.

కృష్ణాతీరం:
షపీరో ఉదాహరణ ఒప్పుకుంటాను. కానీ అదే ఏడాది డిసెంబరు ఎన్నికల ముందు బోరిస్ జాన్సన్ అదే నీల్‌కు ఇంటర్వ్యూ ఇవ్వనే లేదు. అడగదలచిన ప్రశ్నలను నీల్ కెమెరాకే చెప్పుకోవలసి వచ్చింది. రసర్ట్ ఎదుటికి మాత్రం చిక్కుల్లో పడతామని తెలిసీ నాయకులు వచ్చి కూర్చునేవారు.