అమ్మకు కీమో మాత్రలు మొదలుపెట్టాలి, వాడినవాళ్లు కాస్త చెప్పండి

నమస్కారమండీ. మాది తిరుపతి. అమ్మకు 63 ఏళ్లు. పెద్దపేగు క్యాన్సర్‌కు ఐదు వారాల కింద ఆపరేషన్ అయింది. గడ్డ మొత్తం తీసేశారు గానీ, రెండు లింఫ్ గ్రంథుల్లో కూడా క్యాన్సర్ ఉందని రిపోర్టు వచ్చింది. మూడో స్టేజీ అన్నారు. మళ్లీ రాకుండా కీమో కావాలని, ఎనిమిది వారాల్లోపు మొదలుపెడితే మంచిదని డాక్టరు గారి మాట. షుగర్ వల్ల అమ్మకు పాదాల్లో ఇప్పటికే తిమ్మిర్లు. సెలైన్‌లో ఎక్కించే మందు ఆ తిమ్మిర్లను ఇంకా పెంచుతుందట, అందుకని అది వద్దని, కెపాసిటబిన్ మాత్రలు ఒక్కటే రాశారు. పొద్దున, రాత్రి తిన్న అరగంటలోపు వేసుకోవాలి. 14 రోజులు వాడి 7 రోజులు ఆపాలి. ఇలా 8 సార్లు.

అమ్మ పూలు కట్టి అమ్ముతుంది. ఈ మాత్రలకు అరచేతులు, అరికాళ్లు ఎర్రబడి మంట పుడతాయని, తోలు ఊడుతుందని విన్నప్పటి నుంచి తన వేళ్లే చూసుకుంటోంది. నార ఒరిసి చూపుడువేలి పక్కన గట్టిపడిన చర్మాన్ని మాటిమాటికీ తడుముకుంటోంది. "కోసి తీసేశారు కదరా, ఇంకా ఎందుకు?" అంటోంది. నాకు జవాబు రావడం లేదు.

వాడినవాళ్లు చెప్పండి. చేతిపని చేసుకోగలిగారా? చేతులకు ముందు నుంచే ఏం రాసుకున్నారు? విరేచనాలు ఎన్నిసార్లయితే మాత్ర ఆపి ఫోన్ చేయమన్నారు? మొదలుపెట్టే ముందు డీపీడీ లోపం పరీక్ష (ఈ మందును ఒంట్లో కరిగించి బయటికి పంపే ఎంజైమ్ తక్కువగా ఉందా అని చూసేది) ఎవరైనా చేయించారా? ఇంకో మాట, వద్దనుకునే పెద్దవాళ్లను మీరు ఎలా ఒప్పించారు?