శ్రీసిటీ ఏసీ లైన్ల కోసం ఐటీఐలో ఏం నేర్పాలి? మీటింగుల్లో తేలడం లేదు

బెంచ్‌వైస్:
తిరుపతి జిల్లాలో శ్రీసిటీకి రోజూ బస్సులో వెళ్లొచ్చేంత దూరంలో ఉన్న గవర్నమెంట్ ఐటీఐ కోసం అడుగుతున్నాను. చుట్టూ ఏసీ తయారీ పెరుగుతోంది కాబట్టి ఏసీ ట్రేడ్‌లో ఇంకో యూనిట్‌కి, అంటే ఇంకో బ్యాచ్‌కి, అఫిలియేషన్ (గుర్తింపు) అడగాలా, లేక ఒక చిన్న కోర్సు పెడితే చాలా అన్నది ఐఎంసీలో (ఐటీఐని నడిపే కమిటీలో) నలుగుతున్న విషయం.

ఇలాంటి మీటింగులకు ఏ ఊళ్లోనైనా హెచ్ఆర్ వాళ్లే వస్తారు. ఏం కావాలంటే ఆటిట్యూడ్, కమ్యూనికేషన్, డిసిప్లిన్ అంటారు. ఫారం ఇస్తే అన్ని గళ్లలో టిక్కులు పెట్టేస్తారు. ఎంతమంది కావాలంటే "ఎంతమందినైనా పంపండి". పరీక్షలయ్యాక ఫోన్ చేస్తే ఖాళీల్లేవు.

అడిగేవి మూడు. లైన్ మీద అసలు చేసే పనేమిటో రాబట్టడం ఎలా? సీట్ల లెక్క ఎలా కట్టాలి? అమెరికా కమ్యూనిటీ కాలేజీలకు దీనికో పద్ధతి ఉందంటారు, అది ఇక్కడ పనికొస్తుందా?

ఒహాయో_గోంగూర:
ముందు పిలిచే మనిషిని మార్చండి. హెచ్ఆర్‌కి తెలిసేది ఎంతమంది మానేశారన్నదే. బ్రేజింగ్ (రాగి పైపుల్ని వేడితో అతికించే పని) చేసే మంట టార్చి ఏ చేత్తో పట్టుకోవాలో వాళ్లకెలా తెలుస్తుంది?

మీరడిగిన పద్ధతి పేరు డాకమ్. 1960ల చివర్లో కెనడాలో పుట్టింది, అమెరికాలో దాన్ని బాగా పాకించింది ఒహాయో స్టేట్ యూనివర్సిటీ. ఆ పని రోజూ చేసే, బాగా చేసే 5 నుంచి 12 మందిని రెండు రోజులు ఒక గదిలో కూర్చోబెడతారు. మేనేజర్లుండరు. మాస్టార్లు వెనక కూర్చుని వినొచ్చు, నోరెత్తకూడదు. నడిపించేవాడికి ఆ ట్రేడ్ తెలియకపోతేనే మేలు, తెలిస్తే తన సమాధానాలు వాళ్ల నోట్లో పెడతాడు. ఒక్కో పనిని ఒక్కో కార్డు మీద రాసి గోడకి అంటిస్తారు. కార్డు మీద చేసే పని ఉండాలి: "యూ-బెండ్‌ను (యూ ఆకారం పైపు ముక్కను) కాయిల్‌కి బ్రేజ్ చేయడం", "లీక్ పడిన జాయింట్‌ను గుర్తుపెట్టి రీవర్క్‌కి (మళ్లీ సరిచేయడానికి) పంపడం". "అవగాహన కలిగి ఉండడం" అని ఎవరైనా రాస్తే చించేయడమే. చివరికి 6 నుంచి 12 పెద్ద బాధ్యతలు, వాటి కింద 75 నుంచి 125 పనులు తేలుతాయి.

చాలామంది అక్కడితో ఆపేసి ఆ చార్టు ఫ్రేము కట్టించుకుంటారు. అసలు పని తరవాతే ఉంది. ఆ జాబితాను గదిలోకి రాని ఇంకో పాతికమంది పనివాళ్లకు, లైన్ లీడర్లకు ఇచ్చి ఒక్కోదానికి మూడు ప్రశ్నలడగాలి: ఎన్నాళ్లకోసారి చేస్తారు, తప్పు చేస్తే ఎంత నష్టం, చేరిన రోజే రావాలా లేక లైన్ మీద వారంలో వచ్చేస్తుందా. వారంలో వచ్చేదాన్ని మీరు నేర్పక్కర్లేదు. సిలబస్ బరువు తగ్గేది ఇక్కడే.

మనుషులు కనీసం మూడు కంపెనీల నుంచి రావాలి. ఒకే చోటి నుంచి వస్తే వాళ్ల మెషీన్ మాన్యువలే మీ సిలబస్ అయిపోతుంది. సీజన్‌లో రెండు రోజులు ఎవరూ వదలరు. ఆఫ్ సీజన్‌లో రెండు పూటలు అడగండి, ఆ పూటల కూలి ఐఎంసీ నుంచి ఇవ్వండి. అదీ కుదరకపోతే మీ ఐటీఐలోని ఒక ఏటీఓ (అసిస్టెంట్ ట్రైనింగ్ ఆఫీసర్) గారు ఒక పూర్తి షిఫ్టు లైన్ పక్కన నిలబడి రాసుకున్నా సగం పని తేలుతుంది.

జాబ్ ప్రకటనల లెక్కను మాత్రం నమ్ముకోకండి. ఇక్కడ అమెరికాలో 2018 నాటి పెర్కిన్స్ చట్టం (వృత్తి విద్యకు నిధులిచ్చే చట్టం) ప్రకారం ఫెడరల్ నిధులు తీసుకునే కాలేజీ రెండేళ్లకోసారి స్థానిక అవసరాల అంచనా వేయాలి. దానికి అందరూ ముందు ఆన్‌లైన్ ప్రకటనలే లెక్కపెడతారు. ఒక ప్రకటన వెనక ఒక ఖాళీ ఉండొచ్చు, నలభై ఉండొచ్చు. అదే ప్రకటనను ముగ్గురు ఏజెంట్లు మళ్లీ మళ్లీ వేస్తారు. చిన్న వర్క్‌షాపు అసలు వేయనే వేయదు. మీ దగ్గర ఆపరేటర్ పోస్టులు చాలావరకు కాంట్రాక్టర్ చేతుల మీదుగా నిండుతాయి కాబట్టి ఆ అంకెకు ఇంకా విలువ తక్కువ.

ఫ్లేర్‌నట్:
ప్లాంటు వైపు నుంచి చెప్తాను. ట్రేడ్ సిలబస్ తయారుచేసేది ఏసీ మెకానిక్‌ని, అంటే ఇంటికెళ్లి రిపేరు చేసేవాణ్ని. లైన్‌కి కావాల్సింది బ్రేజింగ్ ఆపరేటర్, లీక్ టెస్ట్ ఆపరేటర్, రీవర్క్ మనిషి. గ్యాస్ నింపడం చాలావరకు మెషీన్ చూసుకుంటుంది.

బ్రేజింగ్‌లో కొత్త కుర్రాళ్లు చేసే తప్పులు ఎక్కడైనా ఇవే. మంటను రాడ్ (కరిగి జాయింట్ నింపే కడ్డీ) మీద పెడతారు. పైపు, సాకెట్ రెండూ సమంగా ముదురు ఎరుపుకి వచ్చాక ఆ వేడికే రాడ్ కరిగి సందులోకి పాకాలి. రాడ్‌ని మంటతో కరిగిస్తే పైన అందమైన ఉంగరం కనపడుతుంది, లోపల ఖాళీ. అది వెంటనే లీకవదు, లారీలో నాలుగు వందల కిలోమీటర్లు ఊగాక అవుతుంది. రెండోది, లోపల నైట్రోజన్ పారించకపోవడం. నిమిషానికి రెండు మూడు లీటర్లు మెల్లగా పోతే చాలు. అది లేకపోతే పైపు లోపల నల్లటి పెచ్చు కట్టి, తరవాత ఊడి క్యాపిలరీలో (గ్యాస్ వెళ్లే సన్నని గొట్టంలో) అడ్డం పడుతుంది. మరీ ఎక్కువ వదిలినా తప్పే, జాయింట్ చల్లబడి పిన్‌హోల్ పడుతుంది. మూడోది రాడ్ ఎంపిక. రాగికి రాగి అయితే రాగి-ఫాస్ఫరస్ రాడ్, ఫ్లక్స్ (లోహం పైపొరను శుభ్రం చేసే మందు) అక్కర్లేదు. ఇత్తడి వాల్వు వస్తే ఫ్లక్స్ ఉండాలి. ఇనుము మీద ఫాస్ఫరస్ రాడ్ వాడితే జాయింట్ పెళుసుబారుతుంది, దానికి సిల్వర్ రాడ్, ఫ్లక్స్ కావాలి.

పరీక్ష ఇలా పెట్టండి: ఒక్కొక్కరు వరసగా 20 జాయింట్లు, టైము చూస్తూ. చివరి కొసలు మూసి, తక్కువ పీడనం నైట్రోజన్ పెట్టి నీళ్లలో ముంచండి. బుడగ రానివాటిలో కూడా నాలుగింటిని హ్యాక్‌సాతో నిలువునా కోసి చూడండి. పది నిమిషాల పని, కుర్రాడి చేయి ఎలాంటిదో అక్కడే తెలిసిపోతుంది. సెలెక్షన్ రోజు లైన్ లీడర్‌ని పిలిచి ఆ ముక్కలు బల్ల మీద పెట్టండి, బయోడేటాలు తరవాత చూస్తాడు.

చేయి కుదరాలంటే మనిషికి వంద జాయింట్లయినా పడాలి. ఇరవైమందికి రెండు వేలు. ఐటీఐ ముడిసరుకు బడ్జెట్‌తో అది జరగని పని. ప్లాంటును విరాళం అడక్కండి, రాగి తుక్కు తూకం లెక్కలో ఉంటుంది, స్టోర్స్ వాళ్లు వదలరు. రిటర్నబుల్ గేట్‌పాస్ మీద కట్‌పీసులు తీసుకుని, వాడాక అంతే తూకం తుక్కుగా వెనక్కిస్తామని రాసివ్వండి. రాడ్లు, గ్యాస్ మాత్రం మీరు కొనుక్కోవాల్సిందే.

ఇంకొకటి, ఏసీల్లో నింపే ఆర్-32 గ్యాస్ మెల్లగానైనా అంటుకునే రకం. ల్యాబులో పాత ఆర్-22 అలవాట్లతో గ్యాస్ ఉన్న యూనిట్ మీద టార్చి పెట్టనివ్వకండి.

డీటీఓ_రిటైర్డ్:
"పరీక్షలయ్యాక ఫోన్ చేస్తే ఖాళీల్లేవు" అన్నారు కదా, అందులో కంపెనీల తప్పు తక్కువ, క్యాలెండర్ తప్పు ఎక్కువ. ఏసీ లైన్లు జోరుగా నడిచేది సుమారుగా డిసెంబరు నుంచి ఏప్రిల్ దాకా. ట్రేడ్ పరీక్షలు జులై, ఆగస్టుల్లో. మన పిల్లలు బయటికొచ్చేసరికి కాంట్రాక్టర్ మనుషుల్ని తగ్గిస్తుంటాడు. సిలబస్‌లోనే 150 గంటల ఓజేటీ (పని చోటే చేస్తూ నేర్చుకునే శిక్షణ) ఉంది, రోజుకి 8 గంటల చొప్పున 19 రోజులు. దాన్ని చివరికి నెట్టకుండా జనవరిలో పెట్టండి. ఇంకా లోతుగా కావాలంటే డీఎస్‌టీ (ఐటీఐ, కంపెనీ కలిసి ఇచ్చే శిక్షణ) ఒప్పందం ఉంది, రెండేళ్ల ట్రేడ్‌లో 6 నుంచి 12 నెలలు ప్లాంటులోనే శిక్షణ.

సీట్ల లెక్కకి "ఎంతమంది కావాలి" అని అడగకండి, స్టేషన్లు లెక్కపెట్టండి. ఉదాహరణకి షిఫ్టుకి 24 బ్రేజింగ్ స్టేషన్లు, రెండు షిఫ్టులంటే 48 మంది. ఏటా మూడో వంతు మానేస్తారనుకుంటే 16 ఖాళీలు. అందులో సగం హెల్పర్లను పైకి తీసుకుని నింపుకుంటారు. మిగిలింది 8. అలాంటి ప్లాంట్లు మూడుంటే 24, అవి కూడా మీ ఒక్కరికే కాదు, చుట్టుపక్కల ప్రైవేటు ఐటీఐలు కూడా పంపుతాయి. కొత్త యూనిట్ తెస్తే స్థలం, మెషీన్లు, కరెంటు లోడు, ఇన్‌స్ట్రక్టర్ పోస్టు అన్నీ ఏళ్ల తరబడి మీ మెడకు చుట్టుకుంటాయి. నా ఓటు ఇప్పుడున్న ఫిట్టర్, వెల్డర్, ఏసీ పిల్లలకు అదనంగా 60, 80 గంటల బ్రేజింగ్ కోర్సుకే, అదీ అక్టోబరు, నవంబరుల్లో.

హెచ్ఆర్‌ని అడగాల్సిన ప్రశ్న ఒకటుంది, దానికి "ఎంతమందినైనా" అన్న జవాబు కుదరదు: అప్రెంటిస్ కోటాలో ఇంకా ఎన్ని మిగిలాయి? 30 మంది, ఆపైన పనివాళ్లున్న సంస్థ మొత్తం బలగంలో 2.5 శాతానికి తగ్గకుండా, 15 శాతానికి మించకుండా అప్రెంటిస్‌లను పెట్టుకోవాలి. కాంట్రాక్టు మనుషులూ లెక్కలోకొస్తారు. 600 మంది ఉంటే 15 నుంచి 90. న్యాప్స్ (కేంద్ర అప్రెంటిస్‌షిప్ ప్రోత్సాహక పథకం) కింద స్టైపెండ్‌లో 25 శాతం, నెలకి 1,500 మించకుండా, కేంద్రం భరిస్తుంది. అప్రెంటిస్‌షిప్ అయ్యాక ఉద్యోగం ఇచ్చి తీరాలని మాత్రం లేదు, పిల్లలకి ఈ మాట ముందే చెప్పండి.

బెంచ్‌వైస్:
ఇంత వివరంగా రాసినందుకు ముగ్గురికీ థాంక్సండీ. యూనిట్ సంగతి పక్కన పెట్టొచ్చనిపిస్తోంది. ఒక మెలిక మిగిలింది. ఏదైనా కంపెనీ ముందుకొచ్చి "మెషీన్ మేమిస్తాం, కోర్సు మొత్తం మా లైన్ ప్రకారం నడపండి" అంటే ఒప్పుకోవచ్చా?

ఒహాయో_గోంగూర:
మెషీన్ తీసుకోండి, కోర్సు మొత్తం ఇవ్వకండి. అరిజోనాలో మారికోపా కమ్యూనిటీ కాలేజీలు 2022లో ఇంటెల్ తోడుతో సెమీకండక్టర్ టెక్నీషియన్ కోర్సు పెట్టాయి, మొత్తం పది రోజులు. 2024 ఆగస్టులో ఇంటెల్ దాదాపు 15 వేల ఉద్యోగాల కోత ప్రకటించింది. కాలేజీ తప్పేం లేదు. కానీ పది రోజుల్లో నేర్చింది ఒకే రకం ఫ్యాక్టరీకి సరిపోయేలా ఉంటే, ఆ ఫ్యాక్టరీ తలుపేసిన రోజు కుర్రాడు ఎటు పోతాడు? కెంటకీలో 2010లో టయోటా మొదలుపెట్టిన ఫేమ్ అనే శిక్షణ దీనికి ఎదురు నమూనా. వారంలో రెండు రోజులు కాలేజీ, మూడు రోజులు ఫ్యాక్టరీలో జీతంతో పని, ఐదు సెమిస్టర్లు. తరవాత వేరే కంపెనీలూ చేరాయి కాబట్టి భారం ఒక్కరి మీదే పడలేదు.

మీకు బ్రేజింగ్ ఎలాగూ ఫ్రిజ్, కోల్డ్ స్టోరేజ్, బయట సర్వీసు అన్నిటికీ పనికొచ్చే విద్యే, అది అదృష్టం. కోర్సులో మూడొంతులు అలాంటిది ఉంచి, ఒక వంతు ఆ కంపెనీ లైన్‌కి ఇవ్వండి.

ఇక్కడ 2026 జులై 1 నుంచి 8 నుంచి 15 వారాల కోర్సులకు కూడా పెల్ గ్రాంటు (తక్కువ ఆదాయం ఉన్న విద్యార్థులకు ఫెడరల్ ప్రభుత్వమిచ్చే చదువు సాయం) వర్తిస్తుంది. షరతు ఏమిటంటే చేరినవాళ్లలో 70 శాతం పూర్తిచేయాలి, 70 శాతానికి ఉద్యోగం దొరకాలి. చట్టం అక్కర్లేదు, కంపెనీతో మీరు రాసుకునే ఎంవోయూలోనే (ఒప్పంద పత్రంలోనే) అలాంటి అంకె రాసుకోవచ్చు.

డీటీఓ_రిటైర్డ్:
ఎంవోయూలో ఇంకో మూడు గీతలు: మెషీన్ ఎవరి పేరున ఉంటుంది, పాడైతే ఎన్ని రోజుల్లో ఎవరు బాగుచేయిస్తారు, ఒప్పందం ముగిస్తే అది ఉంటుందా పోతుందా. ఏఎంసీ (ఏటా మెయింటెనెన్స్ చేసే కాంట్రాక్టు) ఎవరిదో రాయని మెషీన్‌కి రెండో ఏడు కవరు కప్పడమే మిగులుతుంది.

ఫ్లేర్‌నట్:
కవరు కూడా మీరే కొనాలి.