ఫ్రెంచ్‌లో ‘ద్యు’, ‘ద లా’ ఎప్పుడు పెట్టాలి, ఎప్పుడు తీసెయ్యాలి?

ప్రశ్న:
డెల్ఫ్ ఎ2కి (ఫ్రెంచ్ భాషా పరీక్షలో ఒక స్థాయి) చదువుతున్నాను. నా చిక్కల్లా ‘కొంత’ అనే అర్థంలో నామవాచకం ముందు పెట్టే ‘ద్యు’, ‘ద లా’ దగ్గరే. ‘జ బ్వా ద్యు కఫే’ (కాఫీ తాగుతాను) ఒప్పట, ‘జెమ్ ద్యు కఫే’ (కాఫీ ఇష్టం) తప్పట. ‘జ న బ్వా పా ద్యు కఫే’ (కాఫీ తాగను) కూడా కొట్టేశారు. కాఫీ అదే కదా, వాక్యానికో తీరేమిటి? పుంలింగానికి ‘ద్యు’, స్త్రీలింగానికి ‘ద లా’, అచ్చు ముందు ‘ద ల్’, బహువచనానికి ‘దే’ అన్నంతవరకు తెలుసు.

జవాబు 1:
కాఫీని కాదండీ, క్రియను చూడండి. తాగినా, తిన్నా, కొన్నా ఆ పదార్థంలో కొంతే మీ వంతుకు వస్తుంది. అందుకే ‘ద్యు కఫే’. ఇష్టాయిష్టాలు కాఫీ అన్నదాని మొత్తం మీద ఉంటాయి: ‘జెమ్ ల కఫే’. ఎమే (ఇష్టపడు), అదోరే (చాలా ఇష్టపడు), దెతెస్తే (అసహ్యించుకొను), ప్రెఫెరే (ఎక్కువ ఇష్టపడు) తర్వాత ‘ల, లా, లే’ (ఇంగ్లిష్ ‘the’ లాంటివి) పెట్టండి. ‘ఇష్టం లేదు’ అన్నా అవి మారవు: ‘జ నెమ్ పా ల కఫే’.

కోడితో చూస్తే ఇంకా తేలిక. ‘అఁ పూలే’ అంటే కోడి మొత్తం, ‘ద్యు పూలే’ అంటే కంచంలో పడే చికెన్. హోటల్లో ‘అఁ కఫే’ అడిగితే ఒక కప్పు ఇస్తారు, అదీ ఒప్పే.

జవాబు 2:
మూడో వాక్యం సంగతి: తాగను, తినను, లేదు అన్నప్పుడు ద్యు, ద లా, దే అన్నీ ‘ద’ అయిపోతాయి. ‘జ న బ్వా పా ద కఫే’. అచ్చు ముందు ఆ ‘ద’ కూడా కలిసిపోయి ‘పా దో’ (నీళ్ళు తాగను). ‘ఎత్ర్’ (అగు, ఉండు) క్రియ మాత్రం దీనికి లొంగదు: ‘స నే పా ద్యు లే’, ఇవి పాలు కావు.

కొలత చెప్పినా ఇంతే. ‘అఁ కిలో ద రీ’ (కిలో బియ్యం), ‘అఁ లిత్ర్ దుయిల్’ (లీటరు నూనె), ‘బొకు ద పాఁ’ (చాలా రొట్టె). పరీక్షల్లో ఎక్కువమంది జారేది ‘బొకు ద్యు పాఁ’ దగ్గరే. ‘జే బజ్వాఁ ద ఫరీన్’ (పిండి కావాలి) కూడా ఈ కోవలోదే, అక్కడ ‘ద లా ఫరీన్’ రాయకండి.

జవాబు 3:
తెలుగువాళ్ళకు ఇంకో చిక్కుంది. మనకు పాలు, నీళ్ళు బహువచనం. ఫ్రెంచ్‌లో రెండూ ఏకవచనం: ‘ద్యు లే’, ‘ద లో’. పాలకూర, పప్పు దగ్గర తిరగబడుతుంది: ‘దేజ్ ఎపినార్’, ‘దే లాంతీయ్’.

పలికేటప్పుడు ‘ఈ’ అంటూనే పెదాలు ‘ఊ’కి చుట్టండి, ‘ద్యు’ వస్తుంది. మన ‘దు’ పలికితే మెత్తన, తియ్యన అనే వేరే మాట అవుతుంది.

ప్రశ్న అడిగినవారు:
మరి ‘ల ప్రీ ద్యు పాఁ’ (రొట్టె ధర)లో ఉన్నది కూడా ఇదేనా?

జవాబు 2:
కాదండీ. అది ‘యొక్క’ అనే ‘ద’, ‘ల’తో కలిసి ‘ద్యు’ అయింది. ‘కొంత’ పెట్టి చూడండి: ‘కొంత రొట్టె కొన్నాను’ అతుకుతుంది, ‘కొంత రొట్టె ధర’ అతకదు. పైగా ‘లేదు’ చేర్చినా ఇది కదలదు: ‘జ న కొనే పా ల ప్రీ ద్యు పాఁ’, రొట్టె ధర నాకు తెలియదు.